పక్క సీటు కింద నీళ్లు: ముందు ఎండబెట్టండి, తర్వాత వెతకండి

కావలి నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. ఏడేళ్ల చిన్న కారు. ఎడమవైపు ముందు సీటు దగ్గర, కాళ్లు పెట్టుకునే చోట తడి. డిసెంబరు వానల్లో మొదలైంది. వానలు పోయి నెల దాటినా తగ్గలేదు. ఏసీ వేసినా వేయకపోయినా ఒకేలా ఉంది. పొద్దున్నే తలుపు తీస్తే ముక్కిన వాసన. ఒక షాపులో ముందు అద్దం లీకవుతోందని చెప్పి చుట్టూ సిలికాన్ పూసి రెండు వేలు తీసుకున్నారు. ఇంకో చోట అద్దం మొత్తం తీసి మళ్లీ అంటించాలి, తొమ్మిది వేలవుతుందన్నారు. ఆ సీట్లో కూర్చునే వాళ్లమ్మగారి చెప్పులు తడుస్తున్నాయట. విసుగొచ్చి చివర్లో ‘కారు అమ్మేయమంటారా?’ అని అడిగారు.

అయ్యా, అమ్మకండి. అద్దం కూడా ఇప్పుడే తీయించకండి.

నెల్లూరులో కార్ల ఏసీ, వైరింగ్ పని మొదలుపెట్టి నాకు ఇరవై రెండేళ్లయింది. కార్పెట్ తడిసిందని వచ్చిన బండ్లు ఎన్ని చూశానో లెక్క పెట్టుకోలేదు గానీ, వాటిలో నిజంగా ముందు అద్దం దగ్గర కారినవి తక్కువ. కారినవి కూడా చాలావరకు అంతకుముందు రాయి తగిలి అద్దం మార్పించినవే. మీరు అద్దం మార్చినట్టు రాయలేదు. కాబట్టి దాన్ని వరసలో ఆఖరున పెడదాం.

మీరు రాసినదాంట్లో నేను రెండుసార్లు చదివిన మాట ఒకటుంది. ‘ఏసీ వేసినా వేయకపోయినా ఒకేలా ఉంది.’ దీన్ని బట్టి లీకు ఎక్కడుందో చెప్పలేం. మీ కారు అడుగున ఉన్న ఫోము నీళ్లు తాగి కూర్చుందని మాత్రం చెప్పొచ్చు. కారు కొన్న కొత్తలో యాక్సెసరీల షాపులో ఫ్లోర్ మ్యాటింగ్ వేయించుకుని ఉంటారు. ఆ రెగ్జిన్ లాంటి దళసరి షీటు కింద కంపెనీ కార్పెట్ ఉంటుంది. దాని కింద అంగుళం మందాన ఫోమో, నొక్కిన గుడ్డపీచో. దాని కింద రేకు. నీళ్లు ఎక్కడినుంచి వచ్చినా రేకు మీదికే జారి, ఆ ఫోములోకి ఎక్కుతాయి. మ్యాటింగ్ అన్నం గిన్నె మీద మూతలాగా పైన కూర్చుంటుంది, ఆవిరి పోనివ్వదు. డిసెంబరులో తాగిన నీళ్లు మాఘమాసంలో కూడా అక్కడే ఉంటాయి. కాలు వేసి నొక్కినప్పుడు కొంచెం కొంచెం పైకి వస్తాయి. అది చూసి మీరు రోజూ కొత్త నీళ్లు వస్తున్నాయనుకుంటున్నారు. వస్తున్నాయో లేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. తడిగుడ్డ మీద చుక్క పడితే కనపడదు గదా!

అందుకని మొదటి పని ఎండబెట్టడం. నా దగ్గరికి వచ్చినవాళ్లకు ఈ మాట అస్సలు నచ్చదు. ‘లీకు ఆపకుండా ఎండబెట్టి ఏం లాభం’ అంటారు. ఎండబెట్టకుండా చేసిన రిపేరు పని చేసిందో లేదో తెలియదు. మీ రెండు వేల సిలికాన్‌కి జరిగింది అదే.

ఇంట్లోనే చేసుకోవచ్చు, విప్పి నీళ్లు తీయడానికి ఒక ఆదివారం పడుతుంది. ఇంజిన్ ఆపి, తాళం తీసేసి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి పది నిమిషాలు ఆగండి. చాలా చిన్న కార్లలో ముందు సీటు నాలుగు బోల్టుల మీద ఉంటుంది. సీటు కింద పసుపు రంగు కనెక్టరు కనబడితే అది ఎయిర్‌బ్యాగ్, సీట్‌బెల్టు లైను. దాన్ని మెల్లగా విడదీయండి. సీటు మళ్లీ బిగించి ఆ కనెక్టరు పెట్టేదాకా బ్యాటరీ కలపొద్దు, తాళం తిప్పొద్దు. తిప్పితే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది, మెకానిక్ దగ్గర కారు కంప్యూటరుకు స్కానరు పెడితే గానీ చాలాసార్లు ఆరదు. ఈ పని మీద ధైర్యం లేకపోతే సీటు వరకు మెకానిక్‌తో తీయించుకోండి, తప్పేం లేదు.

సీటు బయటికి వచ్చాక తలుపు గడప మీద ఉండే ప్లాస్టిక్ పట్టీ పైకి లాగితే ఊడుతుంది. మ్యాటింగ్ తీసేయండి. కార్పెట్ అంచు పట్టుకుని పైకెత్తి, ఫోము కింద చెయ్యి పెట్టి చూడండి. చాలామంది ఇక్కడ నోరు తెరుస్తారు. పైన కొంచెం చెమ్మగా ఉన్న కారులో కింద రెండు మూడు లీటర్లు ఉండడం మామూలే. పాత తువ్వాళ్లతో అద్ది పిండండి. ఫోము విడిగా వస్తే మేడ మీద ఎండలో వేయండి. రాకపోతే కార్పెట్ కింద ఇటుక ముక్కలు పెట్టి ఎత్తి, టేబుల్ ఫ్యాను తిప్పి, నాలుగు తలుపులూ తీసి ఉంచండి. మన దగ్గర సముద్రపు గాలికి చెమ్మ ఎక్కువ. మధ్యాహ్నం ఎండకు ఆరింది రాత్రి తలుపులు తీసి ఉంచితే మళ్లీ మెత్తబడుతుంది. చీకటి పడేలోపు తలుపులు మూసేయండి. రెండు మూడు రోజులు పట్టొచ్చు. సెంటు సీసాలు, కర్పూరం వద్దు. ఫోము ఆరితే వాసన చాలావరకు దానంతటదే పోతుంది. మ్యాటింగ్ మాత్రం లీకు తేలేదాకా మళ్లీ వేయకండి. నన్నడిగితే ఆ తర్వాత కూడా వేయొద్దు.

తువ్వాలు పిండేటప్పుడు ఆ నీళ్లను తెల్ల గిన్నెలోకి పిండి చూడండి. తేటగా, వాసన లేకుండా ఉంటే ఏసీ నీళ్లు కావచ్చు. టీ రంగులో, ఆకు తునకలతో ఉంటే వాన నీళ్లు. సన్నటి బురద అడుగున దిగితే కింద నుంచి ఎక్కిన నీళ్లు. వేళ్ల మధ్య జిగురుగా తగిలి, తియ్యటి వాసన వేసి, ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో ఉంటే అది నీరే కాదు, కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం. డాష్‌బోర్డు లోపలి హీటరు కాయిల్ గానీ దాని పైపు గానీ కారుతోందన్నమాట. అప్పుడు నేను చెప్పేవన్నీ పక్కన పెట్టి బండి మెకానిక్ దగ్గరికి వెళ్లాలి. కూలెంట్ తగ్గితే ఇంజిన్ వేడెక్కి, వేలల్లో పోయేది లక్షల్లోకి వెళ్తుంది. నాలుక మీద పెట్టి చూసేవాళ్లను చూశాను. అది విషం, పిల్లల్ని, కుక్కల్ని దరిదాపుల్లోకి రానివ్వకండి.

ఇంకో చిన్న మాట, నవ్వుకోవద్దు. ఆ సీటు ముందు ఇరవై లీటర్ల మంచినీళ్ల టిన్ను పెట్టి తెచ్చుకునే అలవాటుందా? ఒంగోలు నుంచి వచ్చిన ఒక బండి డాష్‌బోర్డు సగం విప్పాక, ఆ ఇంటాయన ‘వారానికి రెండు టిన్నులు తెస్తాం, మూత కొంచెం వదులు’ అన్నాడు. కూలీ అడగడానికి నాకే మొహమాటమేసింది.

ఆరిందని తేలాక రేకు మీద టాల్కం పౌడరు పలచగా చల్లండి. నీళ్లు పారితే గీత పడుతుంది, ఎటు నుంచి దిగాయో ఆ గీతే చూపిస్తుంది. పసుపు, కుంకుమ చల్లొద్దు, మరకలు జన్మలో పోవు. మొదటి రోజు బండి కదపకుండా అలాగే ఉంచండి. పొడిగా ఉంటే, బ్యాటరీ కలిపే ముందు సీటు, పసుపు కనెక్టరు పెట్టేసి, రెండో రోజు ఏసీ పరీక్ష చేయండి. మూడో రోజు బయటి నుంచి నీళ్ల పైపు పెట్టి పరీక్ష. రెండూ ఒకే రోజు చేస్తే మళ్లీ మొదటికొస్తారు.

ఏసీ సంగతి కొంచెం వివరంగా చెప్తాను. మన జిల్లాలో పక్క సీటు తడికి నేను చూసిన కారణాల్లో ఇదే ముందుంటుంది. చల్లటి నీళ్లు పోసిన స్టీలు గ్లాసు బయట చెమర్చినట్టే, గాలిలోని తేమ ఏసీ కూలింగ్ కాయిల్ మీద నీరవుతుంది. స్టీరింగ్ కుడివైపు ఉండే మన కార్లలో ఎక్కువ వాటికి ఆ కాయిల్ డబ్బా డాష్‌బోర్డు వెనక మధ్యనుంచి ఎడమవైపుకి ఉంటుంది, అంటే మీ అమ్మగారి మోకాళ్ల ముందు. ఆ నీళ్లు డబ్బా అడుగున చేరి, బొటనవేలంత రబ్బరు పైపు గుండా ఇంజిన్ వైపు గోడ దాటి రోడ్డు మీద పడాలి. ఉక్కపోత రోజుల్లో గంటకు లీటరు పడినా ఆశ్చర్యం లేదు. ఎండాకాలం హోటల్ ముందు ఆగిన కారు కింద మడుగు చూసి ఎవరో ఒకరు ‘రేడియేటరు కారుతోందన్నా’ అని కంగారు పెడుతుంటారు చూడండి, అది మంచి లక్షణం. మడుగు లేకపోతేనే టెన్షన్ పడాలి.

పైపు మూసుకుపోవడానికి పెద్ద కారణం అక్కర్లేదు. దుమ్ము, కాయిల్ చుట్టూ ఉండే పాత స్పాంజి పొడి, ఆకు తునకలు కలిసి నాచులాగా పేరుకుంటాయి. దారి లేక నీళ్లు డబ్బాలో నిండి, అతుకుల్లోంచి కార్పెట్ కిందికి దిగుతాయి. ఇంకో రకం కూడా ఉంది. కూలింగ్ కాయిల్ మార్పించినప్పుడు డాష్‌బోర్డు మొత్తం దించి ఎక్కిస్తారు, ఆ పైపు చివర సరిగా కూర్చోకుండా లోపలే వదిలేస్తారు. కాయిల్ పని చేయించిన వారం పది రోజుల్లో తడి మొదలైందంటే వేరే చోట వెతకడం దండగ.

పరీక్ష ఇలా. మధ్యాహ్నం ఉక్కగా ఉన్నప్పుడు చదునైన చోట బండి ఆపి, ఇంజిన్ నడుస్తుండగా ఏసీ ఫుల్‌లో, బయటి గాలి తీసుకునే మోడ్‌లో అరగంట ఉంచండి. మూసి ఉన్న షెడ్డులో మాత్రం చేయొద్దు, పొగ ప్రమాదం. లోపలి గాలి మోడ్‌లో నీళ్లు తక్కువ వస్తాయి, సరిగా తేలదు. కారు కింద, ముందు ఎడమ చక్రానికి కొంచెం లోపలగా చుక్కలు పడాలి. అక్కడ పొడిగా ఉండి లోపల పౌడరు తడిస్తే దొంగ దొరికినట్టే.

శుభ్రం చేయడానికి ఇనపతీగ వాడొద్దు. లోపల కాయిల్ పలచటి అల్యూమినియం. తీగ అక్కడిదాకా వెళ్లి గుచ్చుకుంటే గ్యాసు పోతుంది, నాలుగు వందల పని కాస్తా కాయిల్ మార్చే పని అవుతుంది. లావుపాటి నైలాన్ గాలం తీగ మొన కాల్చి గుండ్రంగా చేసి, కింద నుంచి మెల్లగా తోసి తిప్పండి. పంక్చరు షాపులో గాలి గన్ను పెట్టి ఒక్కసారిగా కొట్టించినవాళ్లూ ఉన్నారు. పైపు లోపల ఊడి, అంతకుముందు అప్పుడప్పుడూ వచ్చే నీళ్లు రోజూ రావడం మొదలుపెట్టాయి.

ఇక్కడ నా బుద్ధితక్కువ కథ ఒకటి చెప్పాలి. పనిలోకి వచ్చిన కొత్తలో వేదాయపాలెం నుంచి ఒక మాస్టారు ఇదే బాధతో వచ్చారు. నేను కూడా అద్దమే అన్నాను. తీసి, మళ్లీ అంటించి, డబ్బులు తీసుకున్నాను. రెండు వారాలకు మళ్లీ వచ్చి, ‘ఏందబ్బయా, అద్దం తీసి పెట్టినావు, నీళ్లు మాత్రం వాటి దారిన అవి వస్తానే ఉండాయి’ అన్నారు. పక్కనున్న ఆయన భార్య, ‘నేను మొదటి రోజే చెప్పినా గదా, బండి కుడిపక్కకి తిరిగినప్పుడల్లా కాళ్ల మీద చల్లంగా పడతాయని’ అన్నారు. చెప్పారు, నిజమే. వినలేదు నేను. బండి కుడికి తిరిగితే డబ్బాలో నిలిచిన నీళ్లు ఎడమకు ఒరిగి ఒలుకుతాయి. అందులోనూ చల్లటి నీళ్లు! ఏసీ పైపే అని చెప్పడానికి ఇంకేం కావాలి? అద్దం డబ్బులు తిరిగిచ్చేశాను. అప్పటినుంచి ఆ సీట్లో రోజూ కూర్చునే మనిషిని అడగకుండా స్పానరు ముట్టుకోను. మీరు కూడా అమ్మగారిని అడగండి: నీళ్లు చల్లగా ఉంటాయా, మలుపుల్లో వస్తాయా, డాష్‌బోర్డులోంచి గలగలమని చప్పుడు వినిపిస్తుందా అని.

ఏసీ పరీక్షలో ఏమీ రాకపోతే వాన నీళ్ల దారి పట్టాలి. వైపర్ల కింద నల్లటి ప్లాస్టిక్ జాలీ ఉంటుంది. అద్దం మీద పడ్డ వాననీళ్లన్నీ దాని కిందున్న కాలవలోకి దిగి, రెండు చివర్ల ఉన్న కంతల గుండా ముందు చక్రాల వెనక నేల మీద పడతాయి. బండి వేపచెట్టు కిందో చింతచెట్టు కిందో పెడతారా? చింతాకంత సన్నటి ఆకు జాలీ దాటి పోయి, కంత దగ్గర ముద్ద కట్టుకుంటుంది. కాలవ నిండితే నీళ్లు ఏసీకి గాలి తీసుకునే కిటికీలోంచి బ్లోయర్‌లోకి, అంటే ఏసీ ఫ్యానులోకి దూకుతాయి. అక్కడినుంచి మీ కార్పెట్‌కి.

దీనికి జాలీ విప్పకముందే ఒక సులువైన గుర్తుంది. గ్లవ్ బాక్స్ తీసి దాని వెనకున్న ఏసీ ఫిల్టరు బయటికి లాగండి, ఐదు నిమిషాల పని. ఫిల్టరు మీద నీటి చారలు, ఆకు మరకలు ఉంటే కాలవ పొంగిందని అర్థం. కొన్నిసార్లు ఎలుక గూడు కూడా దొరుకుతుంది. వరికోతలప్పుడు పొలాల పక్కన ఆపిన బండ్లలో ఇది మరీ ఎక్కువ. ఎలుక ఫిల్టరుతో ఆగదు, ఇంజిన్ గోడలో వైర్లు దూరే రబ్బరు గ్రోమెట్‌ని కూడా కొరుకుతుంది. కాలవలోకి ఒక చెంబు నీళ్లు పోసి చూడండి. చక్రం వెనక ధారగా పడిపోతే దారి బాగున్నట్టు. నిలబడితే వైపర్లు, జాలీ తీయించి చేత్తో శుభ్రం చేయాల్సిందే.

గ్రోమెట్ అన్నాను కాబట్టి, బయట షాపులో ఫాగ్ లైట్లు, పెద్ద హారను, కొత్త మ్యూజిక్ సిస్టమ్ ఏమైనా పెట్టించారా? వైరు లోపలికి తేవడానికి చాలామంది ఆ రబ్బరుకు చిల్లు పొడిచి వదిలేస్తారు. నీళ్లు ఆ వైరు వెంబడి తాడు పట్టుకుని దిగినట్టు దిగుతాయి.

స్పీకర్లు మార్పించినా అనుమానించాల్సిందే, కానీ చోటు వేరు. డోరు అద్దం పక్కనుంచి వాననీళ్లు డోరు లోపలికి దిగడం తప్పు కాదు, కంపెనీ వాళ్లు అలాగే చేశారు. దిగిన నీళ్లు డోరు అడుగున ఉండే సన్నటి కంతల్లోంచి బయటికి పోవాలి. లోపలి ప్యాడ్ వెనక ఒక ప్లాస్టిక్ షీటు నల్లటి జిగురుతో అంటించి ఉంటుంది. నీళ్లను లోపలికి రాకుండా ఆపేది అదే. స్పీకరు పెట్టేవాడు దాన్ని చింపి, తిరిగి అంటించడానికి బద్ధకించి, ప్యాడ్ బిగించేస్తాడు. తర్వాతి వానకు నీళ్లు ప్యాడ్ కింద అంచు నుంచి గడప దాటి కార్పెట్‌లోకి. డోరు రబ్బరు బీడింగు మార్చినా లాభం ఉండదు. గుర్తు ఏమిటంటే, డోరు ప్యాడ్ అడుగు అంచున, గడప మీది ప్లాస్టిక్ పట్టీ కింద చెమ్మ ఉంటుంది, డాష్‌బోర్డు కింద గోడ పొడిగా ఉంటుంది. కొత్త బ్యూటైల్ టేపుతో (జిగట రబ్బరు టేపు) షీటు అంటించి, డోరు అడుగు కంతల్లో మట్టి పుల్లతో తీసేస్తే సరిపోతుంది.

నీళ్ల పైపు పరీక్షకు ఇద్దరు కావాలి. గ్లవ్ బాక్స్ తీసేసి ఒకరు లోపల టార్చితో తల కిందకి పెట్టుకుని పడుకోవాలి. బయట ఉన్నవాళ్లు మామూలు తోట పైపుతో, ధార తగ్గించి, కింద నుంచి పైకి రావాలి: ముందు డోరు అడుగు, తర్వాత డోరు అద్దం, ఆ తర్వాత వైపర్ల జాలీ, ముందు అద్దం అంచు, చివరకు టాపు. ఒక్కో చోట పది నిమిషాలు. పై నుంచి మొదలుపెడితే నీళ్లు అన్నింటి మీదుగా దిగుతాయి, ఏది కారుతోందో తేలదు. సర్వీసు సెంటర్ ప్రెషర్ గన్ను వద్దు, అది మంచి బీడింగులోంచి కూడా నీళ్లు దూరుస్తుంది. సన్‌రూఫ్ ఉన్న కారైతే దాని నాలుగు మూలల డ్రెయిన్ పైపులు కూడా చూడాలి. మీ చిన్న కారుకు ఆ బాధ ఉన్నట్టు లేదు.

ఇప్పుడు ఆ సిలికాన్ సంగతి. ముందు అద్దాన్ని పట్టి ఉంచేది పాలియురితేన్ జిగురు. హార్డ్‌వేరు షాపులో దొరికే మామూలు సిలికాన్‌లో చాలా రకాలు ఆరేటప్పుడు వెనిగర్ వాసన వేస్తాయి, ఆ ఆమ్లం రేకును తుప్పు పట్టిస్తుంది. పైగా రేపు నిజంగానే అద్దం తీసి అంటించాల్సి వస్తే సిలికాన్ మీద కొత్త జిగురు పట్టదు, మొత్తం గీకాలి. పూసింది ప్లాస్టిక్ బ్లేడుతో మెల్లగా తీసేయించండి. పైపు పరీక్షలో అద్దం అంచు నుంచే కారినట్టు కళ్లతో చూస్తే, అప్పుడు అద్దాల పని మాత్రమే చేసేవాళ్ల దగ్గరికి వెళ్లండి. ఆ తొమ్మిది వేలు అప్పుడు దండగ కాదు.

కింద నుంచి ఎక్కిన నీళ్లు ఇంకో కథ. నెల్లూరులో పెద్ద వాన పడితే మాగుంట లేఅవుట్ రైల్వే అండర్ బ్రిడ్జి సంగతి అందరికీ తెలిసిందే. అలాంటి చోట నీళ్లు డోరు గడప దాకా వచ్చినా బండి దాటించేస్తుంటారు. డోరు రబ్బరు వానను ఆపుతుంది, నిలబడిన నీళ్లను ఎంతోసేపు ఆపలేదు. నేల రేకులో రబ్బరు బిళ్లలు కూడా ఉంటాయి, ఒక్కటి ఊడినా చాలు. డిసెంబరులో మీరు అలా దాటించి ఉంటే లీకే లేకపోవచ్చు, ఒక్కసారి వచ్చిన నీళ్లే ఇప్పటిదాకా ఉండిపోయి ఉండొచ్చు. ఎండబెట్టాక మూడు పరీక్షల్లోనూ ఏమీ రాకపోతే ఇదే సమాధానం. రబ్బరు బిళ్లలు సరిచూసుకుని వదిలేయండి.

ఏది తేలినా ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. కార్పెట్ కింద, ఎడమ పాదం పక్క గోడ దగ్గర వైర్ల కట్ట, కొన్ని కార్లలో ఫ్యూజు బాక్సు కూడా ఉంటాయి. కనెక్టర్ల మీద పచ్చటి చిలుము కనిపిస్తే ఇప్పుడే శుభ్రం చేయించండి. లేకపోతే ఆర్నెల్ల తర్వాత సెంట్రల్ లాక్ దానంతటది పడుతుంది, హారను రాత్రి పూట మోగుతుంది, అప్పుడు దాన్ని నీళ్లతో ఎవరూ ముడిపెట్టరు. రేకు మీద తుప్పు మొదలైతే గీకి ప్రైమరు వేయండి. సముద్రం దగ్గర ఊరు మనది, అందుకే తుప్పు త్వరగా ముదురుతుంది.

మీరు చెప్పిన దాన్ని బట్టి నా లెక్క: వైపర్ల కింద కాలవ లేదా ఏసీ పైపు, ఆ రెంటిలో ఒకటి. పందెం కాయమంటే కాలవ మీద కాస్తాను, వానల్లోనే మొదలైంది కాబట్టి. కానీ అమ్మగారు ‘మలుపుల్లో చల్లగా పడతాయి’ అంటే నా మాట కాదు, ఆవిడ మాటే నమ్మండి. అడిగేశాక, పరీక్షలు అయ్యేదాకా ఆవిడను వెనక సీట్లో కూర్చోబెట్టండి. ముందు సీటు మీ వరండాలో ఉన్నన్ని రోజులు బండి ఎలాగూ కదలదు.